ఇంద్రేశం యువత తమ కౌన్సిలర్‌ను ఏమడగాలి?

పటాన్‌చెరు కాలుష్యం మాట వస్తే డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారిని తలచుకోకుండా ఉండలేము. రోగులకు మందులు రాసి ఊరుకోక, నక్కవాగులో పారుతున్న వ్యర్థాల గురించి ప్రభుత్వాలను ఏళ్ల తరబడి నిలదీసిన వైద్యుడాయన. 1990లో సుప్రీంకోర్టుకు చేరిన ఇక్కడి కాలుష్య వ్యాజ్యం హైకోర్టు మీదుగా హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. తీర్పు వెలువడింది 2017లో! ఈ మధ్యకాలంలో గ్రామాలకు తాగునీరు, రైతులకు పరిహారం వచ్చాయి, కాదనలేము. కానీ వ్యాజ్యం వేసిన ఏడు పుట్టిన ఆడపిల్ల తీర్పు నాటికి తానే తల్లి అయి ఉంటుంది.

న్యాయస్థానం చివరి మెట్టు. మొదటి మెట్టు మన వీధిలోనే తిరిగే ప్రజాప్రతినిధి. ఆ మెట్టు ఎక్కే అలవాటు మన యువతకు లేదన్నది నా అభిప్రాయం. ఎన్నికలప్పుడు జెండాలు మోసే అలవాటు మాత్రం బాగానే ఉంది.

ఇంద్రేశం ఇప్పుడు పంచాయతీ కాదు, మున్సిపాలిటీ. గ్రామసభ పోయింది. అయితే 2019 మున్సిపాలిటీల చట్టం ప్రతి వార్డులోనూ యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా కమిటీలు ఉండాలంటుంది. ఒక్కోదానిలో 15 మంది. కౌన్సిలర్‌ను కలిసినప్పుడు మొదట అడగవలసింది ఇదే: మా వార్డు యువజన కమిటీ ఏర్పడిందా? అందులో ఎవరున్నారు? ఎప్పుడు సమావేశమైంది?

ఈ ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. పెద్ద పరిశ్రమ వచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ చెబుతున్నా, ఆమోదం పొందిన పారిశ్రామికవాడల లోపలి యూనిట్లకు అందులో చాలావరకు మినహాయింపు ఉంది. అంటే కాలుష్యం ఎక్కువగా ఉండే చోటే జనానికి మైకు దొరకదు. మన తరఫున మాట్లాడవలసినవారు ఎన్నికైనవారే.

వారి దగ్గరికి ఎలా వెళ్లాలి? "ఒంట్లో బాగాలేదండీ" అంటే వైద్యుడు చికిత్స చేయలేడు. ఎప్పటినుంచి, ఏ వేళ, ఎక్కడ అని అడుగుతాడు. అర్జీ కూడా అంతే. "వాసన వస్తోంది" అని రాస్తే బుట్టదాఖలే. నెల రోజుల పాటు తేదీ, సమయం, గాలి వీచిన దిక్కు, ఆయాసపడిన పిల్లల సంఖ్య రాసిపెట్టి తీసుకెళ్లండి. స్వీడన్ పరిశోధకులు 2007లో పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. అలాంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. అన్నాళ్లూ "కంపు" అని మొరపెట్టుకున్నా కదలని ప్రపంచం ఆ ఒక్క అంకెతో ఇటు తిరిగి చూసింది.

ఎవరిని ఏమడగాలో కూడా తెలియాలి. మురుగు కాలువ, చెత్త తగలబెట్టడం కౌన్సిలర్ పని. పరిశ్రమల పొగ, వ్యర్థజలాలు కాలుష్య నియంత్రణ మండలి పరిధి; వాటిని ఆపమని కౌన్సిలర్‌ను నిందించి లాభం లేదు. కానీ కౌన్సిల్‌లో తీర్మానం చేయించమని, ఎమ్మెల్యేను శాసనసభలో ప్రశ్న వేయమని అడగవచ్చు. సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఆ అర్జీ ప్రతినే ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు ఉంది. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

మరొక్క మాట. ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చి ఇక్కడి ఇరుకు గదుల్లో ఉంటున్న కార్మికులలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు కనుక నాయకులు వారి గుమ్మం తొక్కరు. మీ నెల రోజుల లెక్కలో వారి పిల్లల దగ్గును కూడా చేర్చండి.