తఖ్దీర్ సరే, తద్బీర్ ఏదీ?

మన ఇళ్ళల్లో ఏదైనా కష్టం ఎదురైతే పెద్దల నోట మొదట వచ్చే మాట ‘తఖ్దీర్’. పంట పోయినా తఖ్దీరే, పరీక్ష పోయినా తఖ్దీరే. అయితే ఈ మాటకు ఒక జంట మాట ఉంది. అది ‘తద్బీర్’. అంటే ఉపాయం, ఆలోచించి చేసే ప్రయత్నం. మన దాదీమాలు ఈ రెండింటినీ కలిపే పలికేవారు. కాలక్రమంలో మొదటిది మన ఇంట్లోనే ఉండిపోయింది. రెండోది గడప దాటి వెళ్ళిపోయింది. దాన్ని మళ్ళీ ఇంట్లోకి పిలుచుకోవటం ఎలా అన్నదే ఈ వారం మా ఆలోచన.

జీవితంలో విజయం సాధించటం ఎలాగో చెప్పే పుస్తకాలకు నేడు కొదవలేదు. మంచి ఉద్యోగంలో ఉన్నట్టు, పెద్ద ఇంట్లో నివసిస్తున్నట్టు ప్రతిరోజూ ఊహించుకోండి, అదే నిజమవుతుంది అని చాలా పుస్తకాలు బోధిస్తాయి. ఆశ మంచిదే. ఆశ లేని మనిషి అడుగు ముందుకు వేయలేడు. కాని ఊహాశక్తి అంటే ఇంతేనా? తన సుఖాన్ని తాను ఊహించుకోవటానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు, పగటికలలు అందరికీ వస్తాయి. ఎదుటివాడి కష్టాన్ని చూసి, అది లేని స్థితిని మనసులో చిత్రించుకుని, అక్కడికి దారి వెతికేవాడి ఊహ అసలైన ఊహ. ఈ సంగతి తెలుసుకోవటానికి మనం దూరదేశాలు వెళ్ళనవసరం లేదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ దాకా వెళితే చాలు.

మర్రిగూడ పేరు చెప్పగానే తెలంగాణలో అందరికీ గుర్తుకు వచ్చేది ఫ్లోరైడ్. ఆ మెట్ట ప్రాంతమంతా గట్టి రాతినేల. గ్రానైటు పొరల్లోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. తాగే నీటిలో అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఈ పల్లెల్లో ఎన్నో బావులు, బోర్లు ఆ హద్దును ఎన్నడో దాటేశాయి. ఆ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళు గారపట్టాయి, కాళ్ళు వంకర్లు పోయాయి. నడివయసులోనే నడుములు వంగిపోయాయి. ఆ ఊళ్ళకు పిల్లనిచ్చేందుకు, అక్కడి పిల్లను చేసుకునేందుకు బయటివారు వెనకాడారు. ఇంత జరుగుతున్నా తరతరాలుగా జనం ఏమనుకున్నారు? ఎవరో పెట్టిన శాపమనుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, తఖ్దీర్ అనుకున్నారు.

మరి కారణం నీళ్ళలో ఉందని ఎవరు కనిపెట్టారు? మొదట అనుమానం వచ్చింది చదువురాని రైతులకేనని చెబుతారు. అప్పటి నెల్లూరు జిల్లాలో బయటి ఊళ్ళ నుంచి కొనితెచ్చిన ఎద్దులు కొంతకాలానికి కుంటుతున్నాయి. వాటిని వేరే ఊరికి తోలితే మళ్ళీ తేరుకుంటున్నాయి. ఎద్దు అదే, మారింది నీరు! ఇంత చిన్న పోలికలో ఎంత పెద్ద ఆలోచన ఉందో గమనించండి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు ఆ జిల్లాలోని మనుషులను పరీక్షించి, ఈ జబ్బుకు మూలం నీటిలోని ఫ్లోరైడేనని లోకానికి తెలియజేశారు. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. వంగిన నడుములు లక్షలమంది చూశారు. ‘ఎందుకు వంగాయి?’ అని వెంటపడి అడిగినవారు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టదగినవారు. సమర్థమైన ఆలోచన అంటే ఇదే. అందరూ చూసేదాన్నే చూసి, అందరూ అడగని ప్రశ్న అడగటం.

కష్టాన్ని ఓర్పుతో భరించటం సబర్. అది గొప్ప గుణం, సందేహం లేదు. కాని కష్టానికి కారణం వెతకకపోవటం సబర్ కాదు, సోమరితనం. ఈ రెండింటినీ కలగలిపేసుకుని మనం ఎంత నష్టపోయామో ఆలోచించాలి.

ప్రశ్న అడిగినంత మాత్రాన పని పూర్తయిపోదు. 1970 దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు నీటి నుంచి ఫ్లోరైడ్ తొలగించే ఒక పద్ధతిని రూపొందించారు. దానికి పెట్టిన పేరు ‘నల్లగొండ టెక్నిక్’. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఇవే అందులోని సరుకులు. ఖరీదైన యంత్రాలు లేవు. అడుగుకు కాస్త పైన కుళాయి బిగించిన బకెట్లో నీళ్ళు పోసి, వీటిని తగిన పాళ్ళలో కలిపి, పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీళ్ళు తాగవచ్చు. ప్రతి పచారీ కొట్లో దొరికే పటికతో ఇంత పని చేయవచ్చునని ఊహించటం సామాన్యమైన విషయం కాదు. మన జిల్లా పేరు పెట్టుకున్న ఈ పద్ధతి ఆఫ్రికా దేశాల దాకా వెళ్ళింది.

అయినా పల్లెటూరి వంటింట్లో అది నిలదొక్కుకోలేకపోయింది. కారణమేమిటి? ఒక్కో బావి నీటికి ఒక్కో మోతాదు కావాలి. పటిక ఎక్కువైతే నీళ్ళ రుచి మారుతుంది. మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో బెడద. అన్నింటికీ మించి, తెల్లవారుజామునే లేచి పొలానికో కూలికో పోవలసిన ఇల్లాలు రోజూ ఇదంతా కొలిచి, కలిపి, కాచుకుని కూర్చోవాలి! ప్రయోగశాలలో నెగ్గిన ఉపాయం పొయ్యి దగ్గర ఓడిపోయింది. ఇందులో మనకు రెండో పాఠం ఉంది. ఏ ఆలోచన అయినా ‘ఇది సాధ్యమేనా?’ అన్నచోట ఆగిపోకూడదు. ‘రోజూ ఎవరు చేయాలి? ఆ మనిషికి తీరిక ఉందా?’ అన్నదాకా సాగాలి. ఇంటి విషయాల్లో ఆడవారిని అడగకుండా మగవారు చేసే నిర్ణయాలు ఎందుకు విఫలమవుతాయో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మూడో సంఘటన. నీళ్ళకోసం నల్లగొండ ప్రజలు పెట్టుకోని అర్జీ లేదు, చేయని ధర్నా లేదు. పక్కనే కృష్ణానది పారుతున్నా వారి గొంతుకు చుక్క అందలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఒక విచిత్రమైన ఉపాయం పన్నింది. రైతులు, సామాన్యులు వందలాదిగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైపోయింది. పోలింగు వాయిదా వేయక తప్పలేదు. ఒక్క రాయి విసరలేదు, ఒక్క బస్సు తగలబెట్టలేదు. చట్టం ఇచ్చిన హక్కునే వాడుకుని దేశం దృష్టిని తమ నీళ్ళ బిందె వైపు తిప్పారు. దాదాపు అందరి డిపాజిట్లూ గల్లంతయ్యాయి. అయినా వారు ఓడిపోయారని ఎవరనగలరు?

అయితే నిజం పూర్తిగా చెప్పుకోవాలి. ఆ ఎన్నిక తర్వాత ప్రభుత్వం వెంటనే చేసిన పని నీళ్ళివ్వటం కాదు. అదే సంవత్సరం చట్టం సవరించి, లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్ళు మాత్రం నింపాదిగా, అంచెలంచెలుగా వచ్చాయి. ఇంటింటికీ నల్లా నీరిచ్చే పథకానికి నల్లగొండ జిల్లా చౌటుప్పల్‌లోనే పైలాన్ వేసింది 2015లో. అంటే మంచి ఆలోచనకు ఫలితం మర్నాడే రాదు. ఆలోచించటం ఎంత అవసరమో, ఆలోచనను పట్టుకుని ఉండటం కూడా అంతే అవసరం.

అలా పట్టుకుని ఉన్నవాడి కథ ఇదే ఉమ్మడి జిల్లాలో మరొకటి ఉంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే చేనేత కుర్రవాడు. పోచంపల్లి పట్టుచీరకు రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చేయి దాదాపు తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరలకు ఆసుపోసే తల్లి లక్ష్మి భుజాలు నొప్పితో విలవిలలాడేవి. నేతపని చేసేవారి ఇళ్ళల్లో ఈ నొప్పి అందరికీ తెలిసిందే. ఆడవాళ్ళ తలరాత అని ఊరుకున్నదే. చిన్నతనంలోనే బడి మానేసిన మల్లేశం మాత్రం, అమ్మ చేయి కదిలినట్టు ఒక యంత్రం కదిలితే ఎలా ఉంటుందని ఊహించాడు. 1992లో మొదలుపెట్టాడు. డబ్బు పోయింది, ఊళ్ళో నవ్వారు. బతుకుతెరువుకు హైదరాబాదు వచ్చి కూలిపని చేస్తూ కూడా ఆ ఊహను వదల్లేదు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టుకున్నాడు. 2017లో పద్మశ్రీ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. పద్మశ్రీ వస్తుందని ఊహించుకుని ఆయన పని మొదలుపెట్టలేదు. అమ్మ భుజం నొప్పి పోవాలని ఊహించాడు. విజయం దాని వెనకే వచ్చింది.

ఊహకు గీటురాయి కూడా కావాలి. దాదాపు వెయ్యేళ్ళ క్రితం బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ నైలునది వరదను అదుపు చేయగలనని చెప్పి ఈజిప్టు వెళ్ళాడని చరిత్రకారులు రాశారు. తీరా దక్షిణాన నదిని స్వయంగా చూశాక, తన పథకం సాధ్యం కాదని గ్రహించాడు. పాలకుడి కోపం తెలిసి కూడా తప్పును ఒప్పుకున్నాడు. మన కంటి నుంచి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయన్న పాత నమ్మకాన్ని ప్రయోగాలతో, తర్కంతో ఖండించి, వెలుగే వస్తువు నుంచి కంటికి చేరుతుందని నిరూపించినవాడూ ఆయనే. తన ఆలోచనను తానే పరీక్షించుకోగలిగినవాడే పెద్దల ఆలోచనను కూడా పరీక్షించగలడు. ఆ వారసత్వం మాదేనని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఇంట్లో పిల్లవాడు ‘ఎందుకు?’ అని అడిగితే మాత్రం ‘నోర్మూసుకుని చదువు’ అంటాం!

మన ఇళ్ళ సంగతి కాస్త చూసుకుందాం. మార్కులు ఎన్నొచ్చాయని అడిగే అబ్బాజాన్‌లు ఎందరో ఉన్నారు. ఈరోజు బళ్ళో నువ్వు ఏం ప్రశ్న అడిగావని అడిగేవారు ఎందరు? ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగే మెకానిక్ కుర్రాళ్ళు, పాత గుడ్డతో కొత్త మోస్తరు కుట్టగలిగే అమ్మాయిలు మన వాడల్లో కోకొల్లలు. అది ఆలోచన కాదా? అది చదువు కాదా? చేతిపని చేసేవాడికి బుర్ర లేదనీ, బుర్ర ఉన్నవాడికి చేతిపని అక్కర్లేదనీ గీత గీసింది మనమే. అమ్మాయి విషయంలోనైతే ఆ ప్రశ్న కూడా రాదు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మల్లేశం ఇంటి చుట్టూ ఉన్నట్టే మన ఇళ్ళ చుట్టూ కూడా ఉంది.

మేము సూచించేవి పెద్ద పనులేమీ కావు. వారానికి ఒకసారి అందరూ కలిసి భోంచేసేటప్పుడు ఇంట్లోని ఒక కష్టాన్ని దస్తర్‌ఖాన్ మీద పెట్టండి. నీళ్ళు మోయటం కావచ్చు, కరెంటు బిల్లు కావచ్చు, నానీమా మోకాళ్ళ నొప్పి కావచ్చు. ఇంట్లో అందరికంటే చిన్నవారిని మొదట చెప్పనివ్వండి, ఎందుకంటే పెద్దలు ఒకసారి చెప్పాక పిల్లలు నోరు విప్పరు. ఎవరేం చెప్పినా నవ్వకండి. చెప్పినవాటిలో ఒక్కదాన్ని ఆ వారం చేసి చూడండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో మరుసటి వారం మాట్లాడుకోండి. ఆలోచించటం కూడా రోటీ చేయటం లాంటిదే. మొదటిరోజు గుండ్రంగా రాదు, చేయగా చేయగా వస్తుంది.

చివరిగా మళ్ళీ మర్రిగూడకు వద్దాం. నేడు అక్కడి ఇళ్ళకు కృష్ణానది నీరు గొట్టాల్లో వస్తోంది. ఇది సంతోషించదగిన విషయం. కాని ఒకసారి వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. ఆ వయసువారు ఇప్పటికీ మంచం పట్టి ఉన్నారు. రోగానికి కారణం నీరేనని 1937లో తేలింది. నల్లగొండ పేరు 1955లోనే లండన్ పత్రికకెక్కింది. ఆ తర్వాత కూడా ఎన్ని వేలమంది పిల్లలు అవే నీళ్ళు తాగి పెరిగారు! తెలియక జరిగిన నష్టం కొంత. తెలిసి కూడా ఉపాయం వెతకనందువల్ల జరిగిన నష్టం ఎంత? ఆ రెండోదాన్ని తఖ్దీర్ మీదకు నెట్టటం న్యాయమేనా?

రేపు మన పిల్లవాడు ఏదైనా కష్టం చూపించి ‘ఇది ఇలాగే ఎందుకుండాలి?’ అని అడిగినప్పుడు ‘మన రాత బేటా’ అనకండి. ‘ఏం చేద్దామంటావు?’ అని అడగండి. అప్పుడే గడప దాటిపోయిన తద్బీర్ తిరిగి ఇంటికి వస్తుంది.