ట్రాక్టరు యజమానికి మిగిలేదెంత?

తొలకరి పడిందంటే జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా ట్రాక్టర్ల చప్పుడే. నలభై యేళ్ళ కిందట ఊరికి ఒకటో రెండో ఉండేవి. పెద్ద రైతు వాకిట్లో ట్రాక్టరు ఉంటే అది ఆ ఇంటికే కాక ఊరికీ గొప్పగా ఉండేది. ఇప్పుడు రెండెకరాల రైతు కూడా ట్రాక్టరు కొంటున్నాడు. తన రెండెకరాల కోసం ఎవరూ అంత అప్పు చెయ్యరు. కిరాయికి తిప్పి నాలుగు డబ్బులు చూడాలన్నదే ఆశ. మిర్యాలగూడ, హాలియా వైపు సాగర్ కాలువ కింద దమ్ములు, దేవరకొండ, మునుగోడు వైపు పత్తి చేల దుక్కులు, ఆ పని అయిపోయాక ఇటుకలు, ఇసుక, కంకర, పశువుల ఎరువు. ఇది ఇప్పుడు వ్యవసాయం కాదు, వ్యాపారం. చేస్తున్నవారు మాత్రం దీన్ని వ్యాపారంగా లెక్క కట్టడం లేదు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

కిరాయి ఎట్లా నిర్ణయమవుతున్నదో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. పక్కవాడు గంటకు ఎంత అడిగితే, దానికి యాభయ్యో వందో తగ్గించి అడగడమే పద్ధతి. రైతుకు ఇది లాభమే, కాదనడానికి లేదు. యజమాని సంగతి ఏమిటి? ఉదాహరణకు ట్రాక్టరు, రోటవేటరు, ట్రాలీ కలిపి 11 లక్షల రూపాయలు అయ్యాయనుకుందాం. పదేళ్ళు వాడి అమ్మితే 3 లక్షలు వస్తాయనుకుందాం. అంటే పదేళ్ళలో 8 లక్షలు అరిగిపోయినట్టు. యేడాదికి 80 వేలు. యేడాదికి 800 గంటలు బండి పనిచేస్తే గంటకు 100 రూపాయలు అరుగుదలకే పోవాలి. 7 లక్షలు అప్పు తెచ్చి ఉంటే, నూటికి 11 వడ్డీ చొప్పున మొదటి సంవత్సరం వడ్డీయే 70 వేలు దాటుతుంది. అది గంటకు 90 రూపాయల దాకా పడుతుంది. డ్రైవరుకు నెలకు 15 వేలు ఇస్తే యేడాదికి లక్షా 80 వేలు, గంటకు 225. మూడూ కలిపితే 415 రూపాయలు. డీజిలు, ఆయిలు, టైర్లు, రోటవేటరు బ్లేడ్లు, బీమా, మరమ్మతులు ఇంకా లెక్కలోకి రానేలేదు.

ఈ అంకెలు అందరికీ సరిపోవు. సొంతంగా నడుపుకునేవాడికి డ్రైవరు జీతం మిగులుతుంది. కానీ తన కష్టానికి కూలి వద్దనుకుని నడిపేవాడు లాభం వచ్చిందని చెప్పుకుంటే అది లాభం కాదు, తన కూలే. అరుగుదల సంగతయితే అసలే పట్టించుకోరు. సాయంత్రం జేబులో ఉన్న డబ్బులోనుంచి డీజిలు ఖర్చు తీసేసి మిగిలిందంతా సంపాదనేనని ఇంట్లో ఇస్తారు. నాలుగేళ్ళకు టైర్లు మార్చవలసి వచ్చినప్పుడు, ఇంజను పని పడినప్పుడు మళ్ళీ అప్పు. అప్పుల మీద అప్పులు పెరిగి చివరికి బండిని ఫైనాన్సువాళ్ళు తీసుకుపోయిన ఊళ్ళు జిల్లాలో తక్కువేమీ కాదు.

పన్నుల విషయంలో భయం ఎక్కువ, తెలిసింది తక్కువ. జీఎస్టీ పేరు చెబితే చాలు, చిన్న యజమానులు బెదిరిపోతున్నారు. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ అమలులో ఉన్నది. పొలం దున్నడం, కోయడం, నూర్చడం వంటి పనులకూ, వ్యవసాయ యంత్రాల అద్దెకూ మొదటినుంచీ ఈ పన్ను లేదు. రవాణా ఏజెన్సీ పెట్టి సరుకు రసీదులు రాసేవారిని మినహాయిస్తే, సొంత బండిలో కిరాయికి సరుకు తోలేవాడికీ లేదు. మట్టి తవ్వే యంత్రం పెట్టి ఇళ్ళ పునాదులు తీసేవాడి సంగతి వేరు. అది వ్యవసాయం కిందికి రాదు. యేడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్టరు చేయించుకోక తప్పదు. కొనుగోలులోనూ కొంత మేలు జరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టరు టైర్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. టైర్లు కొనేటప్పుడు బిల్లు అడిగి పన్ను ఎంత వేశారో చూసుకోవాలి. బిల్లు లేకుండా ఇస్తే కొంత తగ్గిస్తామనే దుకాణదారు ఆ తగ్గింపును ఎక్కడినుంచి తెస్తున్నాడో ఆలోచించవలసినదే.

ఆదాయపు పన్ను కూడా ఇట్లాంటిదే. సరుకు బండ్లు పదికి మించకుండా ఉన్నవాడు పద్దు పుస్తకాలు రాయకపోయినా, చిన్న బండి ఒక్కొక్కదానికి నెలకు 7,500 రూపాయల ఆదాయం కింద చూపించే వెసులుబాటు చట్టంలో ఉన్నది. రెండు ఆటో ట్రాలీలు ఉన్నవాడికి ఆ లెక్కన యేడాదికి లక్షా 80 వేలు. వేరే పెద్ద ఆదాయం లేకుంటే పన్ను పడే ప్రసక్తే లేదు. అయినా రిటర్ను వేయడం మంచిది. రెండో బండికి బ్యాంకుకు వెళ్ళినప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది. అది లేనివాడు ఎక్కువ వడ్డీకి ప్రైవేటు ఫైనాన్సు గుమ్మం తొక్కవలసి వస్తున్నది. పంచాయతీ పనులకో, కంట్రాక్టరుకో బండి పెట్టేవారు పాన్ నంబరు ఇవ్వడం మరవరాదు. అది ఇచ్చిన చిన్న కంట్రాక్టరు బిల్లులో కోత 1 శాతం. ఇవ్వకపోతే 20 శాతం.

ఇవన్నీ డబ్బుకు సంబంధించినవి. వీటికంటే పెద్దది ప్రాణాల సంగతి. 2018 ఏప్రిల్‌లో పీఏపల్లి మండలం వద్దిపట్ల దగ్గర మిరప కోతకు వెళ్తున్న ఆడకూలీల ట్రాక్టరు ఏఎమ్మార్పీ కాలువలో పడింది. అదే సంవత్సరం జూన్‌లో వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకొకటి పడింది. ఆ రెండు ప్రమాదాల్లో ఎన్నో ఇళ్ళు తల్లులను పోగొట్టుకున్నాయి. ఆ రోజుల్లో నాయకులు, అధికారులు అందరూ వచ్చారు. ట్రాలీలో మనుషులను ఎక్కించవద్దన్నారు. ఇవాళ పొద్దున్నే ఏ రోడ్డు మీద నిలబడినా ట్రాలీల నిండా కూలీలు కనబడుతూనే ఉన్నారు. బస్సు లేని ఊరినుంచి ఏడు గంటలకు చేను చేరాలంటే వాళ్ళకు మరో దారి ఏముంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ట్రాక్టరు యజమాని ఒక్కడే కాదు.

కానీ ప్రమాదం జరిగితే మునిగేది మొదట కూలి కుటుంబం, తర్వాత యజమాని. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పింది. కొన్ని కేసుల్లో ముందు కంపెనీనే చెల్లించమని, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెబుతున్నాయి. అప్పుడు పోయేది యజమాని పొలమే. వ్యవసాయానికని బీమా చేయించి ఇటుకల కిరాయికి తిప్పినా కంపెనీ అదే పేచీ పెడుతుంది. బండితోపాటు దింపుడు, ఎత్తుడు పనికి వెళ్ళే హమాలీల కోసం కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టించుకునే ఏర్పాటు ఉన్నది. బీమా ఏజెంట్లు ఆ మాట చెప్పడం లేదు, యజమానులు అడగడం లేదు.

ట్రాలీకి ట్రాక్టరుతో పనిలేకుండా వేరే రిజిస్ట్రేషను, వేరే నంబరు ఉండాలి. వెనక దీపం ఉండాలి. ఎర్ర రేకులు ఉండాలి. రాత్రిపూట వడ్ల లోడుతో మిల్లుల ముందు వరుసకట్టిన ట్రాలీలను చూస్తే ఎన్నింటికి ఇవి ఉన్నాయో తెలుస్తుంది. చీకట్లో మోటారు సైకిలు మీద వచ్చేవాడికి ఆ ట్రాలీ గోడతో సమానం. లైసెన్సు విషయంలో ఒక మంచి కబురు ఉన్నది. సరుకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలకు మించని రవాణా బండిని మామూలు లైట్ మోటారు వాహనం లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది. ఆ లైసెన్సయినా లేని పదిహేనేళ్ళ పిల్లల చేతికి స్టీరింగు ఇవ్వడం మాత్రం ఏ తీర్పూ ఒప్పుకోదు.

యజమానులను తప్పుపట్టి ఊరుకుంటే సరిపోదు. దున్నితే వ్యవసాయం, ఇటుకలు తోలితే వ్యాపారం అని చట్టం అంటున్నది. బండి ఒకటే, రోజు ఒకటే. పొద్దున దుక్కి, మధ్యాహ్నం ఎరువు, సాయంత్రం ఇసుక. ఏది ఎక్కడ మారుతుందో చదువుకున్నవారికే అర్థం కాదు. దారిలో ఆపిన ప్రతిసారీ ఎంతో కొంత ఇచ్చి బయటపడడం అలవాటయిన యజమాని, పన్ను కట్టి రసీదు తీసుకునేవాడికంటే తానే తెలివైనవాడిననుకుంటున్నాడు. ఆ ఇచ్చినదానికి లెక్కా లేదు, రసీదూ లేదు. సంవత్సరం మొత్తం కూడితే పన్ను కంటే ఎక్కువే అయినా ఆశ్చర్యపోనక్కరలేదు.

రవాణా శాఖ అధికారులు ట్రాలీల కోసం మండల కేంద్రాలలో శిబిరాలు పెట్టాలి. జిల్లా కేంద్రానికి బండి తోలుకుని రమ్మంటే ఒక రోజు కిరాయి, డీజిలు ఖర్చు రెండూ పోతాయి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయవచ్చునంటారు గానీ, అది నింపడానికి మళ్ళీ ఒక మధ్యవర్తి కావలసి వస్తున్నాడు. రిజిస్ట్రేషను, బీమా, పన్ను ఏ పనికి ఏది కావాలో తెలుగులో ఒక్క కాగితం మీద అచ్చువేసి మార్కెట్ యార్డులలో, సహకార సంఘాలలో అంటించాలి. అప్పు తీరిన తర్వాత కూడా ఆర్సీ మీద ఫైనాన్సు కంపెనీ పేరు అట్లాగే ఉండిపోయి, అమ్ముకోవడానికి వీలుకాక తిరుగుతున్నవారి పని కూడా ఆ శిబిరంలోనే పూర్తి చేయించాలి. పంచాయతీలు, ఆర్టీసీ కలిసి కోతల కాలంలో కూలీలకు పొద్దుటిపూట ఒక బస్సయినా నడిపే ఆలోచన చేయాలి. శిబిరాలు మే నెలలోనే పెట్టాలి. జూన్ వచ్చిందంటే ఏ యజమానీ బండిని ఒక్క పూటయినా ఆపడు.