ఫోటో అమ్ముడుపోయింది, లెక్క తేలలేదు

అమోస్ హ్యూమిస్టన్ పేరు చెబితే అమెరికాలో ఇప్పటికీ ఆ ఫోటో కథే చెబుతారు. ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో గుర్రాలకు జీనులు, పట్టీలు కుట్టేవాడు. కుర్రతనంలో తిమింగలాల వేట ఓడెక్కి ఏళ్ల తరబడి సముద్రాలు తిరిగాడు. ఆ మోజు తీరాక పెళ్లి, ముగ్గురు పిల్లలు, మళ్లీ తోలూ దారమూ. అంతర్యుద్ధం నడుస్తుండగా 1862లో మరో మూడు లక్షలమంది సైనికులు కావాలని లింకన్ పిలుపిస్తే, 32 ఏళ్ల వయసులో 154వ న్యూయార్క్ దళంలో చేరాడు. సార్జెంట్ అయ్యాడు.

1863 జులై 1న గెటిస్‌బర్గ్‌లో ఇటుకబట్టీ దగ్గర ఆ దళం చిత్తయింది. ఊళ్లో దొరికిన శవం ఎవరిదో తెలిపే కాగితం ఒక్కటీ లేదు. చేతిలో మాత్రం భార్య ఫిలిండా పంపిన గాజు పలక ఫోటో ఉంది, అందులో ముగ్గురు పిల్లలు.

ఫోటో ఫిలడెల్ఫియా డాక్టర్ జాన్ బర్న్స్ చేతికొచ్చింది. అక్టోబర్ 19న ‘ఫిలడెల్ఫియా ఇంక్వైరర్’ ‘ఎవరి తండ్రి ఈయన?’ అని అడిగింది. అప్పటికి పత్రికల్లో ఫోటో అచ్చేసే వీలు లేదు. అందుకని చూసింది చూసినట్టు రాశారు: చిన్నవాడు మధ్యలో ఎత్తుకుర్చీలో ఉన్నాడు, పెద్దవాడి బట్టా చెల్లెలి గౌనూ ఒకే తానులోవి. రాసినవాడెవరోగానీ, వాడికి దండం పెట్టాలి. ‘ముద్దులొలికే చిన్నారులు’ అని సరిపెట్టి ఉంటే ఎవరూ గుర్తుపట్టేవారు కాదు. ఒక మతపత్రిక ఆ వార్తను మళ్లీ వేస్తే, నవంబరులో అది ఫిలిండా కంటపడింది. ఆమె వితంతువు కావడం అది రెండోసారి.

కథను ఇక్కడ ఆపేసేవాళ్లతోనే నా పేచీ. ఆ ఫోటో ప్రతులు అమ్మారు, పాట కట్టి అమ్మారు. ఆ డబ్బుతో, విరాళాలతో 1866లో గెటిస్‌బర్గ్‌లో సైనికుల అనాథలకు ఆశ్రమం తెరిచారు. ఫిలిండా అక్కడే పనికి కుదిరింది. తర్వాత రోసా కార్మైకేల్ పెత్తనంలో పిల్లల్ని హింసించారు. 1876లో కోర్టు ఆమెను దోషిగా తేల్చి, జరిమానాతో సరిపెట్టింది. నిధులు మింగాడని బర్న్స్ మీద ఆరోపణలొచ్చాయి. 1877లో ఆశ్రమం మూతపడింది.

మన దగ్గరా జవాను శవపేటిక ఊరికొచ్చిన రోజు ప్రకటనలకు కొదవుండదు. ఆర్నెల్లు పోయాక ఆ ఇంటామె ఫైలు ఏ బల్ల మీద ఆగిందో వెతుక్కోవాలి. వాట్సాప్‌లో ఫోటో తిప్పి చందాలు పోగుచేసేవాళ్లను రసీదు అడిగితే, అడిగినవాడే రాతిగుండె మనిషవుతాడు. కన్నీళ్ల పేరుతో వచ్చిన డబ్బుకే ఆడిట్ ముందు జరగాలంటాను.

హ్యూమిస్టన్‌కు 1993లో గెటిస్‌బర్గ్‌లో స్మారకం కట్టారు. ఫిలిండా మాత్రం కార్మైకేల్ రాకముందే, 1869లో, మళ్లీ పెళ్లి చేసుకుని పిల్లలతో సహా ఆ ఆశ్రమం నుంచి బయటపడింది. పెద్దవాడు ఫ్రాంక్ డాక్టరయ్యాడు.