సెలరీతో డెల్టా కష్టం తీరదు

గోదావరి డెల్టా రైతుకి సలహాలు చెప్పేవాళ్లకి కొదవ లేదు. వాళ్లందరిదీ దాదాపు ఒకటే మాట: వరి పట్టుకుని వేలాడుతున్నావు కాబట్టే నష్టపోతున్నావు, నగరాల్లో గిరాకీ ఉన్న కూరలు వెయ్యి, ఎకరానికి లక్షలు కళ్లజూస్తావు. బ్రకోలీ, లెట్యూస్, జుకినీల వరసలో సెలరీ పేరు కూడా చేరింది. సూపర్ మార్కెట్‌లో కట్ట ధర ఎంతో చూసి, ఎకరంలో పట్టే మొక్కల సంఖ్యతో దాన్ని హెచ్చవేసి, వచ్చిన మొత్తాన్ని రాబడిగా చూపిస్తారు. ఈ లెక్క తప్పు. దాని వెనకున్న ఆలోచన ఇంకా పెద్ద తప్పు. ఎందుకంటే రైతు దగ్గర తెలివి లేకపోవడమే నష్టానికి మూలమని అది తేల్చేస్తుంది.

వరి గిట్టడం లేదన్న మాట నిజం. అది నిన్న మొన్న తెలిసిన సంగతీ కాదు. 2011 సార్వాలో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి, కాలవలో నీళ్లు పారుతుండగానే చేలు బీళ్లు పెట్టారు. కాటన్ దొర ఆనకట్ట కట్టించిన డెల్టాలో అంతకంటే పెద్ద నిరసన ఏముంటుంది? కారణాలు చూడమని ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. మళ్లీ 2022లో కోనసీమలో అదే మాట వినిపించింది. రెండుసార్లూ రైతులు అడిగినవాటిలో మురుగు కాలవలు బాగుచెయ్యడం, పెట్టుబడికి తగిన ధర, అమ్మిన ధాన్యానికి సకాలంలో డబ్బు ఉన్నాయి. కొత్త విత్తనం పేరు చెప్పమని ఎవరూ అడగలేదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా, అడగని పంట చేతిలో పెట్టడం ఏ రకం సాయం?

ఇక సెలరీ సంగతి చూద్దాం. ఇది చలిపంట. 15 నుంచి 21 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. విత్తనం నలుసంత ఉంటుంది, గ్రాముకి రెండు వేల పైనే తూగుతాయి. మొలక రావడానికే రెండు మూడు వారాలు పడుతుంది. నారుమడిలో రెండు నెలలు, నాటాక మరో మూడు నాలుగు నెలలు. మొత్తం మీద అయిదారు నెలల పంట. రాజమండ్రిలో నిండు జనవరిలో కూడా పగటి వేడి 29, 30 డిగ్రీల దరిదాపు ఉంటుంది. శివరాత్రి వచ్చేసరికి చలి వెళ్లిపోతుంది. చలి అనదగ్గ కాలం మనకి గట్టిగా మూడు నెలలు లేదు. ఎండ తగిలిన సెలరీ కాడ బెండుబారుతుంది, పీచు తేలుతుంది, చేదెక్కుతుంది. వేడిలో గబగబా ఎదిగితే లేత ఆకులకి కాల్షియం అందక మొవ్వు నల్లబడి కుళ్లిపోతుంది. అలాంటి కట్టని హోటలు వాడు చేత్తో కూడా ముట్టుకోడు.

పోనీ గింజ కోసం వేద్దామా? మన దేశంలో సెలరీ గింజ ఎక్కువగా పంజాబ్‌లో, అమృత్‌సర్ చుట్టుపక్కల పండుతుంది. విదేశాలకి ఎగుమతి కూడా అవుతుంది. కాని ఆ మొక్క పూతకి రావాలంటే కొన్ని వారాలపాటు 10 డిగ్రీల దరిదాపు చలి తగలాలి. పంజాబ్ శీతకాలం ఆ చలి ఇస్తుంది. అమలాపురంలో, భీమవరంలో, తణుకులో ఆ చలి ఎక్కడిది? అంటే గింజకి చాలినంత చలి మనకి లేదు, కాడకి పనికొచ్చే చల్లదనమూ చాలినన్నాళ్లు ఉండదు. నీళ్లు పుష్కలంగా ఉన్నాయి కదా అంటారు. నిజమే, సెలరీ నీళ్లు బాగా తాగే మొక్క. కాని గోదావరి నీళ్లివ్వగలదు గాని చలినివ్వలేదు.

షేడ్‌నెట్ వేసుకుంటే సరి అంటారు తరవాత. నెట్ నీడనిస్తుంది, రాత్రి చలి తెచ్చిపెట్టదు. పైగా జనవరికి పంట చేతికి రావాలంటే ఆగస్టు కల్లా నారు పోసి, అక్టోబరు కల్లా నాట్లు వెయ్యాలి. లేత మొక్క చేలో ఉండేది సరిగ్గా మన తుపాన్ల కాలంలోనే. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లే కూకటివేళ్లతో లేచిపోయాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఇనప గొట్టాల మీద కట్టిన నెట్‌ని నమ్ముకుని అప్పు చెయ్యమని చెప్పేవాళ్లు, ఆ రాత్రుళ్లు డెల్టాలో ఎప్పుడైనా గడిపారో లేదో నాకు అనుమానమే.

వాతావరణం కలిసొచ్చిందనే అనుకుందాం. అమ్మకం ఎలా? రెండడుగుల సాళ్లలో ఎనిమిది అంగుళాలకో మొక్క చొప్పున నాటితే ఎకరానికి 32 వేల పైచిలుకు మొక్కలు పడతాయి. నాలుగోవంతు పోయినా 24 వేల కట్టలు. పక్వానికి వచ్చిన సెలరీ చేలో నెలల తరబడి ఆగదు, రెండు వారాల్లో కొయ్యాలి. అంటే రోజుకి 1,700 కట్టలు, అదీ ఒక్క ఎకరం నుంచి. రాజమండ్రి, కాకినాడ, భీమవరం హోటళ్లలో సూపులోకీ నూడుల్స్‌లోకీ కాస్త తరిగి వేసేది ఎంత? ఇళ్లలో వాడకం ఎంత? ఒక రైతు వేసిన ఎకరాన్నే ఈ ఊళ్లు మోయలేవు. పదిమంది వేస్తే కట్టకి కోతకూలి కూడా రాదు. హైదరాబాద్ పంపుదామంటే సెలరీలో 95 శాతం నీరే. కోసిన వెంటనే చల్లబరిచి, సున్నా డిగ్రీల దగ్గర ఉంచి, అదే చల్లదనంలో లారీలో తీసుకెళ్లాలి. మామూలు బండిలో గోనె తడిపి కప్పి పంపితే అక్కడికి చేరేసరికి తోటకూర కాడలా వాలిపోతుంది. అప్పటికే చల్లని కొండల మీద, ఊటీ వైపు పండిన సెలరీ నగరాల షాపుల్లో ఉంటుంది. దానితో పోటీపడి మనవాడు ఏం గెలుస్తాడు?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. కోకో బయటినుంచి రాలేదా, పామాయిల్ రాలేదా, వాటిని కూడా ఇలాగే వద్దనుంటే ఏమయ్యేది అంటారు. మంచి ప్రశ్న. జవాబు ఆ పంటల చరిత్రలోనే ఉంది. కొబ్బరితోటలో అప్పటికే ఉన్న నీడ కోకోకి సరిపోయింది, గింజ కొనే చాక్లెట్ కంపెనీ తోటదాకా వచ్చింది. పశ్చిమ మెట్టలో పామాయిల్ నిలబడింది ఎందుకంటే గెల ఆడే ఫ్యాక్టరీ పెదవేగిలో ఉంది, ధర కట్టడానికి ఒక పద్ధతి ఉంది. కడియం నర్సరీల వెనక తరాల నాటి అంటుకట్టే నేర్పు ఉంది. రావులపాలెంలో అరటిగెల దింపితే పొరుగు రాష్ట్రాలకి వెళ్లే లారీ పక్కనే ఉంటుంది. ఇక్కడ నిలబడిన పంటలకి నేలతోపాటు కొనేవాడూ కుదిరాడు.

కొనేవాడున్నా భద్రం లేదని కోకోయే మళ్లీ చెప్పింది. 2024లో అంతర్జాతీయ ధర ఎగిరినప్పుడు ఎండుగింజ ధర ఆకాశాన్నంటింది. 2025లో ధర పడిపోయి, కంపెనీలు కొనుగోలు తగ్గించేసరికి రైతులు ఏలూరులో రోడ్డెక్కారు. చివరికి ప్రభుత్వం జోక్యం చేసుకుని కిలోకి కొంత సొంతంగా కలపాల్సి వచ్చింది. ఇన్నేళ్లుగా పాతుకుపోయిన పంటకే ఆ గతి పడితే, కొనేవాడి పేరు కూడా తెలియని పంటకి ఎవరు జోక్యం చేసుకుంటారు? ఈము పక్షుల కథ మరిచిపోయామా? మాంసానికి, నూనెకి గిరాకీ అన్నారు. నిజానికి డబ్బు వచ్చింది ఈము పిల్లల్ని తరవాతి రైతుకి అమ్మినవాళ్లకే. 2012 నాటికి ఆ వ్యాపారం కుప్పకూలింది, మేత పెట్టలేక పక్షుల్ని వదిలేసినవాళ్లున్నారు.

ఈ సలహాల్లో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇంకొకటుంది. డెల్టాలో చేలోకి దిగేవాళ్లలో ఎక్కువమంది కౌలురైతులు. కౌలు బస్తాల్లో ముందే ఖరారవుతుంది, పంట పోయినా కట్టాల్సిందే. కౌలుదార్ల కోసం 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి. అయినా భూమి యజమాని సంతకం పెట్టకపోతే కౌలు కార్డు రాదు, కార్డు లేకపోతే బ్యాంకు అప్పు, పరిహారం అందవు. అతను అప్పు తెచ్చేది పురుగుమందుల కొట్టులోనో మిల్లరు దగ్గరో. అలాంటి మనిషికి అయిదు నెలల ప్రయోగం చెయ్యమని చెప్పడం అన్యాయం. ప్రయోగం ఓడితే సలహా చెప్పినవాడికి పోయేదేమీ లేదు. వీడికి ఇల్లు గడవదు.

డెల్టా రైతుకి కొత్తదనం తెలియదనుకోవడం కూడా పొరపాటే. వరద తీసి ఒండ్రు ఆరాక లంక భూముల్లోకి వెళ్లి చూడండి. కొత్తిమీర నలభై రోజుల్లో చేతికొస్తుంది. తెల్లారకముందే పీకి, వేళ్ల మట్టి దులిపి, అరటినారతో కట్టలు కట్టి, పడవలోనో ఆటోలోనో రాజమండ్రి చేరుస్తారు. పొద్దెక్కేసరికి డబ్బు చేతిలో ఉంటుంది. ధర పడినా పోయేది నలభై రోజుల కష్టం, వెంటనే ఇంకో మడి చల్లుకోవచ్చు. కంద, తమలపాకు, అరటి, పసుపు, పూలు, ఇవన్నీ వరి కాని పంటలే. వాటి ధర, తెగులు, దళారీ, అన్నీ ఎరిగిన పంటలు. వేసవిలో కొత్తిమీరకి నీడ, రాజమండ్రి మార్కెట్లో ఆకుకూరలకి ఒక చల్లని గది, ఇవి ఇస్తే ఈ ఏడే ఫలితం కనిపిస్తుంది.

ఎవరికైనా సెలరీ మీద మనసుంటే పది సెంట్లలో, శీతకాలంలో, వేడికి కాస్త ఓర్చుకునే ఆకు రకం వేసి, ముందే మాట ఇచ్చిన హోటలుకి అమ్ముకోవచ్చు. దాన్ని నేను కాదనను. కాని దాన్ని డెల్టాకి దారిగా చూపించాలంటే ముందు పని వెంకట్రామన్నగూడెంలో జరగాలి. 2007లో అక్కడ పుట్టిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది అందుకే. లంకలో, మెరకలో, పల్లంలో మూడేళ్లు వేసి చూసి, ఖర్చు, రాబడి, పోయిన మొక్కలు అన్నీ లెక్కగట్టి చెప్పాలి. ఆ ప్రయోగానికి అయ్యే నష్టం ప్రభుత్వం భరించాలి, రైతు కాదు.

ఈలోగా చెయ్యాల్సినవి అందరికీ తెలిసినవే. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మొండిమానులై నిలబడ్డాయి. యనమదుర్రు లాంటి మురుగు కాలవలు పూడికతో వానకాలంలో చేలని ముంచుతున్నాయి. వాటిని బాగుచెయ్యాలి. 2025-26కి సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి 1,777. తేమ 17 శాతం దాటిందని కోసుకోకుండా ఆ డబ్బు రైతు చేతికి చేరాలి. సాగు చేసేవాడికి యజమాని సంతకంతో పనిలేకుండా కార్డు ఇవ్వాలి. ఈ మూడూ జరిగిన నేలలో ఏ పంట వెయ్యాలో రైతే తేల్చుకుంటాడు. ఈ మూడూ జరగకపోతే ఆ ముంపు చేలో వరి ఎలా పోయిందో సెలరీ కూడా అలాగే పోతుంది, అప్పు మాత్రం వరి కంటే ఎక్కువ మిగులుతుంది.