నంబరే పేరైన ఓడ

2001 జనవరి 10. అమెరికాలోని అలబామా రాష్ట్రం, మొబైల్ రేవు. (సెల్‌ఫోన్ కాదు, ఊరి పేరే అది!) ఓ పాత ఓడ మెల్లగా రేవులోకి వచ్చింది. నడుపుకొచ్చిన వాళ్లు దాదాపు 30 మంది. అందరూ తాతయ్యలే. సగటు వయసు 72! గ్రీసులోని క్రీట్ దీవిలో బయల్దేరి, నడి చలికాలంలో అట్లాంటిక్ దాటి, 6,500 మైళ్లు వచ్చారు. ఓడా కుర్రదేం కాదు, అప్పటికి దానికి 58 ఏళ్లు.

దాని పేరు ఎల్‌ఎస్‌టీ-325. ఇదేం పేరంటారా? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఇలాంటివి 1,051 కట్టింది. అన్నింటికీ పేర్లు వెతికే తీరికెవరికుంది? నంబరు వేసి నీళ్లలోకి దించేశారు.

ఎల్‌ఎస్‌టీ అంటే ల్యాండింగ్ షిప్ ట్యాంక్. 1940లో డంకర్క్ నుంచి బ్రిటిష్ సేన ప్రాణాలతో బయటపడింది కానీ ట్యాంకులూ ఫిరంగులూ అక్కడే వదిలేసింది. మళ్లీ ఐరోపాలో అడుగు పెట్టాలంటే ట్యాంకులు కావాలి. వాటిని దించాలంటే రేవు కావాలి. రేవులన్నీ జర్మన్ల చేతిలో ఉన్నాయి. మరి రేవుతో పనిలేకుండా వట్టి ఇసుక మీదికి వెళ్లే ఓడ ఉంటే? 1941 నవంబరులో అమెరికా ఇంజనీరు జాన్ నీడర్‌మేయర్ దానికి తొలి నమూనా గీశాడు.

ఓడ పొడవు 328 అడుగులు. అడుగుభాగం పళ్లెంలా బల్లపరుపు. అలాంటి ఓడ నడిసముద్రంలో నిలకడగా సాగదు. ఒడ్డుకు రావాలంటే మాత్రం అదే ఉండాలి. ఈ చిక్కుకు నీడర్‌మేయర్ కనిపెట్టిన ఉపాయం నీళ్లే. పొట్టలోని ట్యాంకుల నిండా సముద్రపు నీరు నింపితే ఓడ లోతుగా కూర్చుని ప్రయాణిస్తుంది. ఒడ్డు దగ్గరపడ్డాక ఆ నీటిని తోడేస్తే తేలికై పైకి లేస్తుంది. అప్పుడు ముందువైపు నాలుగడుగుల నీళ్లున్నా చాలు. దూరంలోనే వెనక లంగరు వదిలి, ఇసుక మీదికి దూసుకెళ్లి, ముక్కు దగ్గరి తలుపులు తెరుస్తుంది. ట్యాంకులు దిగిపోయాక లంగరు తాడును చుట్టుకుంటూ వెనక్కి జారుకుంటుంది. చూస్తే ఒడ్డుకొచ్చి నోరు తెరిచిన మొసలే! మన నౌకాదళం 1949లో బ్రిటన్ నుంచి తీసుకున్న ఎల్‌ఎస్‌టీకి ‘మగర్’ అని పేరు పెట్టింది. హిందీలో మొసలి అనే అర్థం.

ఇంతా చేసి దాని వేగం 12 నాట్లు దాటదు. ఎల్‌ఎస్‌టీ అంటే ‘లార్జ్ స్లో టార్గెట్’ అని నావికులే వెక్కిరించేవారు. శత్రువు గురిపెట్టడానికి అనువైన పెద్ద నత్త అన్నమాట!

ఫిలడెల్ఫియాలో తయారైన 325 నౌకాదళంలో చేరింది 1943 ఫిబ్రవరిలో. ఆ ఏడాదే సిసిలీ, సలెర్నో దాడుల్లో పాల్గొంది. 1944 జూన్ 7న నార్మండీలోని ఒమాహా తీరం చేరింది. ఆ తొలి విడతలో మనుషుల్నీ వాహనాల్నీ చిన్న పడవల్లోకే దించింది. తిరుగు ప్రయాణంలో 38 మంది క్షతగాత్రుల్ని మోసుకెళ్లింది. తర్వాత ఇంగ్లిష్ ఛానల్‌ను అటూ ఇటూ 40 సార్లకు పైగా దాటింది. ఆ డిసెంబరు 28న ‘ఎంపైర్ జావెలిన్’ నౌక టార్పెడో దెబ్బకు మునిగిపోతుంటే, దాదాపు 700 మందిని కాపాడటంలో చెయ్యి వేసింది. 1945 మేలో ఇంటిదారి పట్టినప్పుడు తుఫానులో ఓ పెద్ద అల కొట్టి, పైడెక్కు అడ్డంగా చీలింది. సిబ్బంది ఉక్కు దూలాలు వెల్డింగ్ చేసి, ఓడ రెండు ముక్కలు కాకుండా ఆపారు.

యుద్ధం ముగిశాక కొన్నేళ్లు ఆర్కిటిక్ వైపు రాడార్ కేంద్రాలకు సామాన్లు మోసింది. 1964లో గ్రీసుకు వెళ్లింది. అమెరికా ఇవ్వని పేరు గ్రీసు ఇచ్చింది... ‘సైరోస్’. అక్కడి ఓ దీవి పేరు. ఆ పేరుతో 1999 దాకా, అంటే 35 ఏళ్లు పనిచేసింది.

ఈ ఓడ గురించి ఎవరు చెప్పినా నార్మండీ కథే చెబుతారు. కానీ యుద్ధంలో అది తిరిగింది రెండున్నరేళ్లే. సాటి ఓడలు తుక్కుగా మారుతుంటే, దీని తుప్పు గీకి, రంగులేసి, ఇంజన్లు ఆగకుండా కాపాడింది ఊరూ పేరూ తెలియని గ్రీకు నావికులు. వాళ్లే లేకపోతే 2000లో క్రీట్ చేరిన ఆ తాతయ్యలకు నడపడానికి ఓడే మిగిలేది కాదు. అయినా వాళ్ల వాటా కథ చెప్పేవాళ్లు తక్కువ.

అలాగని తాతయ్యలు చేసింది తక్కువేం కాదు. వాళ్లలో చాలామంది కుర్రతనంలో ఎల్‌ఎస్‌టీల మీద పనిచేసినవాళ్లే. కెప్టెన్ రాబర్ట్ జోర్న్‌లిన్ నాయకత్వంలో నెలల తరబడి మరమ్మతులు చేసుకున్నారు. ఆ వయసులో ఇదేం పిచ్చి అన్నవాళ్లుంటారు. కానీ ఆ యంత్రాల సంగతి వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

2005 నుంచీ ఓడ మకాం ఇండియానా రాష్ట్రంలోని ఎవాన్స్‌విల్. సముద్రానికి ఎంతో దూరంగా, ఒహాయో నది ఒడ్డున ఉందా ఊరు. యుద్ధకాలంలో అక్కడ 167 ఎల్‌ఎస్‌టీలు కట్టి, నదిలోంచే సముద్రానికి పంపారు. వాటిలో 325 లేదు. అయినా ఊరు దాన్ని సొంతం చేసుకుంది. ఓడ ఇప్పుడు మ్యూజియం. టికెట్ కొని లోపలికెళ్తే ట్యాంకులు నిలిపిన చోట నిలబడొచ్చు. కదలని బొమ్మ అనుకునేరు! అప్పుడప్పుడూ సొంత ఇంజన్లతోనే బయల్దేరి, నది వెంట ఊళ్లు చూసి వస్తుంటుంది.