వేసవి విజ్ఞానశిబిరములు ఎవరికొరకు?

ఉన్నత పాఠశాలలయందు చదువు బాలబాలికలను వేసవి సెలవులలో విశ్వవిద్యాలయ ప్రాంగణములకు రావించి, అచ్చటనే వసతి భోజనము లేర్పరచి, కొన్ని వారములపాటు గణితమును, ప్రకృతిశాస్త్రములను, యంత్రవిద్యను అభ్యసింపజేయు పద్ధతి నేడు లోకమున విశేషముగా వ్యాపించినది. ఈ పద్ధతి మంచిదని యెల్లరు నంగీకరించినదే. అది యెవరికి దక్కుచున్నది, ఎవరికి దక్కకున్నది అనునదియే నేడు విచారింపవలసిన విషయము.

1957లో అమెరికాయందు ఆర్నాల్డ్ రాస్ అను గణితాచార్యుడు నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయమున నెలకొల్పిన వేసవి గణిత పాఠశాల తదుపరి పలు తరముల గణితవేత్తలకు పుట్టినిల్లయినది. 1962లో సోవియట్ ప్రభుత్వమువారు సైబీరియాలోని నోవోసిబిర్స్క్ శాస్త్రనగరమునకు దూరప్రాంతముల బాలురను రప్పించి, భౌతిక గణిత శాస్త్రములలో వేసవి పాఠశాలను నడిపిరి. మరుసటి యేడే అచ్చట శాశ్వతమైన వసతి విద్యాలయ మేర్పడెను. రాజకీయములయందు బద్ధవిరోధులైన ఆ రెండు రాజ్యములును ఈ యొక్క విషయమున నేకాభిప్రాయులై యుండుట గమనింపదగినది. ప్రతిభ రాజధానులయందే పుట్టదనియు, దానిని వెదకి తెచ్చి పండితులచెంత కొన్నినాళ్లు నిలుపవలెననియు ఇరువురును గ్రహించిరి.

మనదేశమునను ఇట్టి ప్రయత్నములు లేకపోలేదు. 2008లో కేంద్ర ప్రభుత్వ మారంభించిన ఇన్‌స్పైర్ పథకముక్రింద పదవ తరగతి పరీక్షలో నూటికొక్కరుగా అగ్రస్థానమున నిలిచి, పైతరగతిలో విజ్ఞానశాస్త్రములు చదువువారికి అయిదు దినముల శిబిరములు నడుపబడినవి. 2019లో ఇస్రో సంస్థవారు తొమ్మిదవ తరగతి విద్యార్థులకు ‘యువిక’ అను వేసవి కార్యక్రమమును ప్రారంభించి, దారిఖర్చులు, వసతి, భోజనము తామే భరించిరి. ఈ సంస్థలు అభినందనీయములు. అయినను వాని ద్వారములకడ నిలిచిన కావలివారెవరో చూడవలెను. ఒకచోట పరీక్షలో వచ్చిన మార్కులు. మరియొకచోట మార్కులతోబాటు అంతర్జాలమున జరుపు ప్రశ్నపరీక్ష. పంచాయతీ ప్రాంతముల పాఠశాలలవారికి ఇస్రోవారు కొంత అదనపు ప్రాధాన్య మిచ్చుట న్యాయమే. కాని పట్టణమందలి పేదపేటల పిల్లలమాట యేమి? వారు పల్లెవారు కారు గనుక ఆ మినహాయింపు వారికి లేదు. పట్టణపు సంపన్నులు కారు గనుక పట్టణపు సౌకర్యములును లేవు.

ఇందుకు నిదర్శనము హైదరాబాదు పాతబస్తీలోని ఫలక్‌నుమా. ‘ఆకాశదర్పణ’ మని ఆ పేరునకు అర్థము. అచ్చటి కొండపై వికారుల్ ఉమ్రా 1884లో కట్టనారంభించిన సౌధము 2010 నుండి అతిథులకు విలాసమందిర మాయెను. అచ్చటికి అనతిదూరమున ఫిసల్‌బండయందు నవాబు జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి తన యెస్టేటులో వేధశాలను స్థాపించెను. 1908లో నిజాం ప్రభుత్వ పరమైన ఆ సంస్థయే నిజామియా వేధశాలయై, పిదప బేగంపేటకు మారి, అంతర్జాతీయ నక్షత్రపట నిర్మాణమున పాల్గొని లక్షలకొలది తారలను లెక్కించినది. ఆధునిక ఖగోళశాస్త్రము దక్కనులో మొలకెత్తిన నేల యది! ఆ నేలపై పెరుగు బాలునకు నేడు దూరదర్శినిలో నొక్కమారు కన్నుంచి చూచు భాగ్యమైన నున్నదా?

ఫలక్‌నుమా స్టేషనులో సికిందరాబాదు పోవు ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కినచో, ఆ దారిలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయముచెంత ఆర్ట్స్ కాలేజి స్టేషను వచ్చును. మధ్యనున్నది కొలదిపాటి దూరమే. పిల్లల నాపునది రైలుదారి కాదు, పిలుచువారు లేకపోవుటయే.

పగలు పాఠములు చెప్పి సాయంకాల మిండ్లకు బంపిన చాలదా యని కొందరడుగవచ్చును. చాలదు. పగలు తెగని లెక్కను రాత్రి భోజనమువేళ తోటివారితో చర్చించి, తెల్లవారగనే ఆచార్యుని తలుపుతట్టి యడుగుటలోనే శాస్త్రాభిరుచి కుదురును. ఒక్క గదిలో ఇంటిల్లిపాది తలదాచుకొనుచోట కాగితము పరచుకొనుటకు చోటెక్కడ? అదియునుగాక, బీదయింటికి వేసవి విశ్రాంతికాలము కాదు. కుర్రవాడు దుకాణమున కూర్చుండి నాలుగురూకలు తెచ్చుకాలము. ఆడపిల్ల కుట్టుపనిలో తల్లికి తోడ్పడుకాలము. కావున రుసుము లేదని ప్రకటించిన మాత్రమున శిబిరము బీదవారికి అందుబాటైనదని తలపరాదు. కోల్పోయిన కూలికి బదులుగా కొంత భృతి నిచ్చిననే తలిదండ్రులు పంపగలరు.

భాషవిషయము మరియొకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో దేశభాషయందు ఉన్నతవిద్య నేర్పుటకై పుట్టినది. శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి మార్చుటకు అనువాదశాల యుండెడిది. అంతకుముందే 1906లో ఈ నగరముననే కొమర్రాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి తెలుగున శాస్త్రగ్రంథములను వెలయించిరి. ఇట్టి నగరమున ఆంగ్లమున తడబడు బాలుడు తన సందేహమును నోటనే మ్రింగుకొనుట మన కవమానము. తెలుగునను, ఉర్దూనను ప్రశ్నింపగల స్వేచ్ఛ శిబిరమున నుండవలెను.

మా సూచన యిది. మే మాసమున మూడువారములు, నూరుగురు విద్యార్థులతో, అందు సగము బాలికలతో, ఉస్మానియా ప్రాంగణమున ప్రథమశిబిరమును నడుపవలెను. పాతబస్తీనుండి సగముమందిని, జిల్లాల గ్రామములనుండి సగముమందిని గ్రహింపవలెను. మార్కులపట్టీతో నిమిత్తములేక, ఉపాధ్యాయుల సిఫారసును, ఒక చిన్న ప్రయోగముమీద విద్యార్థి వేయు ప్రశ్నలను చూచి ఎన్నుకొనవలెను. ఈ యెన్నికను ఫలక్‌నుమా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో జరుపవచ్చును. బాలికలకు ప్రత్యేక వసతిగృహమును, స్త్రీ అధ్యాపకుల పర్యవేక్షణను ముందుగనే ప్రకటించినచో తల్లులకు ధైర్యము కలుగును. పోటీపరీక్షల తర్ఫీదు మాత్రము ఈ ప్రాంగణమున అడుగిడరాదు. అది సంవత్సరము పొడవునను అంగళ్లలో దొరకుచునే యున్నది.

వ్యయమునకు వెరవనక్కరలేదు. 1971లో సర్వేలు గురుకులమును స్థాపించినది మొదలు బీదవిద్యార్థులకు అన్నవసతు లేర్పరచుట మన ప్రభుత్వమునకు క్రొత్తగాదు. 1918లో రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు దాతల సాయముతో రెడ్డి హాస్టలును నెలకొల్పనిచో, నాటి పల్లెబిడ్డ లెందరు పట్టణమున చదువగలిగి యుందురు? ఆ హాస్టళ్లలో పెరిగిన కుటుంబములవారే నేడు భూవసతియు, వ్యాపారమును గలిగి యున్నారు. ఒక్కొక్కరు ఒక్క విద్యార్థి మూడువారముల భోజనవ్యయము వహించినను తాము పొందిన ఋణములో కొంత తీర్చినవారగుదురు.

విశ్వవిద్యాలయాధికారులు వేసవి వచ్చువరకు వేచియుండక, ఇప్పుడే విద్యాశాఖతో సంప్రదించి తేదీలను నిర్ణయింతురుగాక యని మేము కోరుచున్నాము. విశ్వవిద్యాలయము ప్రజల ధనముతో నిలిచినది. ప్రజల బిడ్డలకు దాని తలుపులు మూడువారములైన తెరచియుంచుట దయాధర్మము కాదు, దాని విధి.