లక్ష లాప్‌టాప్ కాదు, లోపల ఏముందో తెలియాలె

పోయిన నెల గోదావరిఖని వచ్చినప్పుడు మా నాన్నతో కలిసి బాయిల పనిచేసిన కాక ఒకాయన మా క్వార్టర్‌కు వచ్చిండు. నైట్ షిఫ్ట్ దిగి నిద్ర కూడా పోలేదు. చాయ్ తాగుతూ అసలు సంగతి చెప్పిండు.

"బిడ్డా, మా చిన్నోడు ఇంజినీరింగ్‌ల చేరిండు. లక్షా పదివేల లాప్‌టాప్ కావాలంటుండు. అది లేకుంటే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాదట గదా? లోన్‌కు పెడుదామనుకుంటున్న."

"ఇంట్లో పాతది ఏదీ లేదా కాకా?" అని అడిగాను.

"పెద్దబిడ్డ డిగ్రీ చదివినప్పటిది ఉన్నది. పనికిరాదని మూలకు పెట్టిండు."

ఆ సాయంత్రం దాన్ని తెప్పించి చూశాను. 4 జీబీ ర్యామ్, ఆరో తరం ఇంటెల్ ఐ3, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కనిపించేలోపు ఇంకో చాయ్ తాగొచ్చు. నేను డెవలపర్‌గా పనిచేయబట్టి ఆరేళ్లవుతోంది. ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద, ప్రోగ్రామింగ్ టూల్స్ మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. కానీ ఆ రోజు నాకు అనిపించింది ఒక్కటే. మన బొగ్గుబాయిల ఊర్లలో ఈ చర్చ ఇష్టాయిష్టాల గురించి కాదు. ఒక కార్మికుడు అప్పు చేయాలా వద్దా అన్నదాని గురించి.

పాతది పనికిరాదని ఎవరన్నారు?

మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది. వ్యక్తిగత కంప్యూటర్లకు అదనపు భద్రతా అప్‌డేట్ల గడువు కూడా 2026 అక్టోబర్ 13 వరకే. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. మన ఇండ్లలో ఉన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు చాలావరకు ఈ పరీక్షలో ఫెయిల్. మెషిన్ చెడిపోలేదు, స్క్రీన్ మంచిగుంది, కీబోర్డ్ మంచిగుంది. కంపెనీ గీసిన గీతకు ఇవతల ఉండిపోయింది, అంతే.

కాక కొడుకు లాప్‌టాప్‌లో లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాం. పాత మెషిన్ల మీద తేలిగ్గా నడిచే లినక్స్ రకాల్లో అదొకటి. ముందు ఫొటోలు, ఫైళ్లు అన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాం. మొదట వైఫై పట్టలేదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి, డ్రైవర్ దించుకున్నాక దారిలో పడింది. గంటన్నరలో పైథాన్, సీ కంపైలర్, గిట్ అన్నీ రెడీ. ఖర్చు సున్నా. తర్వాత ఓ ఎస్‌ఎస్‌డీ వేయించమని చెప్పాను. కొత్త లాప్‌టాప్ ధరలో అది చిన్న ముక్క.

"అన్నా, ఇది హ్యాకర్లు వాడేది గదా?" అని అడిగిండు ఆ తమ్ముడు. నీ జేబులో ఉన్నది కూడా అదేరా అని చెప్పాను. ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది లినక్స్ కెర్నలే. ప్రపంచంలోని 500 అతివేగ సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబర్ నుంచి అన్నీ లినక్స్ మీద నడిచేవే. దాన్ని మొదలుపెట్టింది కూడా ఒక విద్యార్థే. 1991లో హెల్సింకి యూనివర్సిటీలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్, ఇంట్లో ఉన్న 386 కంప్యూటర్ మీద.

ఇంకో రాష్ట్రాన్ని చూడండి. కేరళ సర్కారు బడుల్లో కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఆధ్వర్యంలో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. మన దగ్గర హైదరాబాద్ కేంద్రంగా ‘స్వేచ్ఛ’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చే పని భుజాన వేసుకుంది. కానీ మన ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

నాకు తగిలిన దెబ్బ

నేనేదో పుట్టుకతోనే లినక్స్ వాడినోణ్ని కాదు. ఫైనలియర్‌లో నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, అందులో దొంగ విండోస్. దాన్ని యాక్టివేట్ చేయడానికి ఎక్కడో దొరికిన క్రాక్ ఫైల్ నడిపించాను. ప్రాజెక్ట్ సబ్మిషన్‌కు రెండు రోజుల ముందు ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి. బ్యాకప్ లేదు. గిట్ అంటే రెజ్యూమెలో రాసుకునే పదం అనుకునే రోజులవి. రెండు రాత్రులు కూర్చొని గుర్తున్నంతవరకు మళ్లీ రాశాను.

అప్పుడు ఒక సీనియర్ లినక్స్ వేసిచ్చాడు. మొదటి నెల నరకమే. చిన్న పనికి కూడా టెర్మినల్ తెరవాలి. కానీ ఆ నెలలో నేర్చుకున్నది నాలుగేళ్ల చదువులో నేర్చుకోలేదు. ఫైల్ పర్మిషన్ అంటే ఏమిటి, ప్రాసెస్ అంటే ఏమిటి, ఒక ప్రోగ్రామ్ ఇరుక్కుపోతే ఎక్కడ చూడాలి, లాగ్ ఎట్లా చదవాలి. నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగింది కూడా ఇదే. "సర్వర్ నెమ్మదించింది, మొదట ఏం చూస్తావ్?" అన్నారు. నా లాప్‌టాప్ ఏ కంపెనీదని ఎవరూ అడగలేదు.

టూల్స్ వస్తాయి, పోతాయి

ఇక ప్రోగ్రామింగ్ టూల్స్ సంగతి. ఏ ఎడిటర్ మంచిది అని హాస్టల్ రూముల్లో కొట్లాటలు అవుతుంటాయి. నేను కాలేజీలో ఉన్నప్పుడు కొందరు ఆటమ్ ఎడిటర్ అంటే ప్రాణం పెట్టేవాళ్లు. గిట్‌హబ్ 2022 డిసెంబర్‌లో దాన్ని మూసేసింది. 1991లో వచ్చిన విమ్ ఇంకా నడుస్తోంది. 2015లో వచ్చిన వీఎస్ కోడ్ ఇప్పుడు రాజ్యమేలుతోంది. రేపు ఇంకోటి వస్తుంది. నేను రోజూ వాడేది వీఎస్ కోడే. కానీ అందులో బటన్ నొక్కితే వెనక ఏ కమాండ్ నడుస్తుందో తెలిసి వాడుతున్నాను.

గిట్ పుట్టుక కథ ఇందుకు మంచి ఉదాహరణ. లినక్స్ డెవలపర్లు 2002 నుంచి బిట్‌కీపర్ అనే ఒక కంపెనీ టూల్‌ను ఉచితంగా వాడుకునేవాళ్లు. 2005లో ఆ ఉచిత వాడకం ఆగిపోయింది. టోర్వాల్డ్స్ కూర్చొని సొంతంగా గిట్ రాయడం మొదలుపెట్టాడు. టూల్ చేజారినా పని ఆగలేదంటే, అది లోపల ఎట్లా పనిచేయాలో ఆయనకు తెలుసు కాబట్టి.

తెలియకపోతే ఏమవుతుందో చూడాలంటే మన డీటీపీ షాపులకు పోవాలి. పెండ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే టైప్ అయ్యాయి. ఆ షాపులవాళ్ల వేగం, నైపుణ్యం గొప్పవే. వాళ్ల తప్పేమీ లేదు, అప్పట్లో అదే దిక్కు. కానీ అది యూనికోడ్ కాదు. ఆ ఫైల్‌ను ఫాంట్ లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థం కాని గుర్తులే కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నా మళ్లీ తప్పులు దిద్దుకోవాలి. పేజ్‌మేకర్‌లో కొత్త వెర్షన్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఒక్క టూల్‌కు కట్టుబడితే మన సొంత రాతే మనకు అందకుండా పోతుందని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఖరీదైనదైతే ఏ ఇబ్బందీ ఉండదనుకునేవాళ్లకు ఇంకోటి గుర్తుచేస్తాను. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను క్రాష్ చేసింది. ‘జ్ఞా’ తరహా అక్షరాల కలయిక ఒకటి మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ మూసుకుపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. అందరం జోకులు వేసుకున్నాం. కానీ ఒక అక్షరం తెరమీదికి రావడం వెనక ఎంత పని ఉందో, అందులో తెలుగు తెలిసిన ఇంజినీర్ల అవసరం ఎంత ఉందో ఆలోచించింది తక్కువమందే.

విండోస్, మ్యాక్ వద్దనడం లేదు

నేను ఏ పార్టీ జెండా మోయడం లేదు. ఐఫోన్ యాప్‌లు రాయాలంటే ఎక్స్‌కోడ్ కావాలి, దానికి మ్యాక్ కావాల్సిందే. సివిల్, మెకానికల్ వాళ్లకు ఆటోక్యాడ్ లాంటివి విండోస్ మీదే సరిగ్గా నడుస్తాయి. కొన్ని కంపెనీల ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ లినక్స్‌ను ఒప్పుకోదు. పరీక్షకు వారం ముందే చూసుకొని, ఫ్రెండ్ లాప్‌టాప్ అడిగి పెట్టుకోండి. ఉద్యోగంలో చేరాక ఆఫీసు ఏది ఇస్తే అది వాడతారు. నాకు ఇచ్చింది విండోసే.

అందులో కూడా లినక్స్ ఉంది. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో మన హైదరాబాద్ సత్య నాదెళ్ల ఆ కుర్చీలోకి వచ్చాక, 2016లో అదే కంపెనీ విండోస్ లోపల లినక్స్ కమాండ్లు నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ తెచ్చింది. ఆ కంపెనీయే పంతం వదిలేసింది. మనకెందుకు పంతం?

ఏఐ టూల్స్ గురించి కూడా ఇదే మాట. నేను రోజూ వాడతాను. కానీ అది ఇచ్చిన కోడ్ తప్పయితే తప్పు అని పట్టుకోగలగాలి. మొదటి ఏడాది అయినా ఎర్రర్ మెసేజ్‌ను మీరే చదవండి. చదివి, అర్థం కాకపోతే అప్పుడు అడగండి. చదవకుండానే కాపీ చేసి అడిగే అలవాటు పడితే, ఇంటర్వ్యూలో ఆ టూల్ పక్కన లేనప్పుడు నోరు పెగలదు.

రూఫ్ చప్పుడు

మా నాన్న కోల్ ఫిల్లర్‌గా చేరి తట్టా చెమ్మాస్ పట్టినోడు. ఆయన కండ్లముందే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి, లాంగ్‌వాల్ వచ్చింది, ఊరి చుట్టూ ఓపెన్‌కాస్టులు వచ్చాయి. కాక వచ్చిపోయిన రాత్రి ఈ లాప్‌టాప్ ముచ్చట చెబుతుంటే ఆయన ఒక మాట అన్నాడు. "మిషిన్లు ఎన్నో మారినయ్ గని, పనిల దిగేముందు రూఫ్‌ను కొట్టి చప్పుడు వినుడు మాత్రం మారలే. చప్పుడు తెలిసినోడే మంచిగ ఇంటికొచ్చిండు."

మన పనికి కూడా అట్లాంటి చప్పుడు ఉంది. మెమరీ, ప్రాసెస్, ఫైల్, నెట్‌వర్క్, ఎర్రర్ మెసేజ్. ఇవి ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మారినా, ఏ ఎడిటర్ వచ్చినా ఉంటాయి. అమీర్‌పేటలో వేలకు వేలు కట్టి టూల్ పేర్లు బట్టీ పట్టడం కన్నా ఇవి ముందు నేర్చుకోవాలి. పాత మెషిన్ మీద అయితే ఇంకా బాగా వస్తాయి. ఎందుకంటే 4 జీబీ ర్యామ్ ఉన్నోడికే ఏ ప్రోగ్రామ్ ఎంత తింటుందో చూడాల్సిన అవసరం పడుతుంది.

గోదావరిఖని, మంథని, మందమర్రి, భూపాలపల్లి, ఎక్కడి తమ్ముళ్లు, చెల్లెళ్లు అయినా సరే, ఇంట్లో అప్పు మాట ఎత్తేముందు ఒక ఆదివారం ఈ పని చేసి చూడండి. 8 జీబీ పెన్ డ్రైవ్ తీసుకొని అందులో లినక్స్ మింట్‌నో, లుబుంటునో ఎక్కించండి. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్ డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, మీ విండోస్ అట్లనే ఉంటుంది. నచ్చితే, ఫైళ్లు బ్యాకప్ తీసుకొని అప్పుడు వేసుకోండి. ఆర్నెల్లు దాని మీద పనిచేయండి. ఏదైనా చిన్న ప్రోగ్రామ్, మీ వీధి కిరాణా షాపు ఖాతా లెక్క రాసేదైనా సరే, పూర్తిగా రాసి గిట్‌లో పెట్టండి. ఆ తర్వాత కూడా మెషిన్ చాలడం లేదనిపిస్తే కొత్తది కొనండి. అప్పుడు మీకు ఏది కావాలో, ఎందుకు కావాలో మీ నాన్నకు మీరే చెప్పగలుగుతారు.

కాక మొన్న ఫోన్ చేసిండు. లోన్ కాగితాలు పక్కన పెట్టిండట. "పొద్దంతా నల్ల స్క్రీన్ మీద ఏదో కొడుతుండు బిడ్డా, మంచిదేనా?" అని అడిగిండు.

మంచిదే కాకా. కొట్టనీ.